దేశం మొత్తంలో జూదం లెక్క తీయాలంటే

"జూదమా? మా ఇంటావంటా లేదు బాబూ." జూదం సర్వే ప్రశ్నావళిని పరీక్షించుకుంటున్న రోజుల్లో ఒక పెద్దావిడ నాకిచ్చిన జవాబు ఇది. రెండు ప్రశ్నలు దాటాక, వారం వారం తప్పకుండా లాటరీ టికెట్ కొంటానని ఆవిడే చెప్పింది. అబద్ధమాడిందా అంటే లేదు. ఆవిడ లెక్కలో జూదమంటే మగవాళ్లు రాత్రిళ్లు కూర్చుని ఆడే పేకాట. లాటరీ అంటే అదృష్టం. మొదటి జవాబు రాసుకుని లేచి వచ్చేసి ఉంటే ఆవిడ "ఆడనివాళ్ల" లెక్కలో పడిపోయేది.

దేశవ్యాప్త సర్వే అనగానే అందరికీ శాంపిల్ సైజు, ఖర్చు గుర్తొస్తాయి. అసలు తంటా అంతకుముందే మొదలవుతుంది. చివర్లో మీరు ప్రకటించే శాతంలో కొంత జనం ఆడిన ఆటది, కొంత మీరు అడిగిన తీరుది. ఆ రెండో వాటాను ఎంత తగ్గించగలరో, తగ్గనిదాన్ని ఎంత నిజాయతీగా రాసిపెట్టగలరో అన్నదాని మీదే పని నాణ్యత ఆధారపడుతుంది. అందుకే చేయి కాలే చోట్ల ఎక్కువసేపు ఆగుతాను, మిగతావి చకచకా దాటేస్తాను.

1. ఏం తెలుసుకోవాలో ఒక్క వాక్యంలో రాసుకోండి

గడిచిన ఏడాదిలో ఎంతమంది ఆడారు, ఎంత పోగొట్టుకున్నారు, ఎంతమందికి అది సమస్యగా మారింది, ఆ సమస్య ఎందుకు పెరుగుతోంది లేదా తగ్గుతోంది. ఈ నాలుగూ వేర్వేరు ప్రశ్నలు. మొదటి మూడింటికి ఒక్కసారి చేసే సర్వే సరిపోతుంది, నాలుగోదానికి చాలదు. ఈ ఏడాది ఇబ్బందుల్లో ఉన్నవాళ్లలో చాలామంది వచ్చే ఏడాదికి బయటపడతారు, కొత్తవాళ్లు వచ్చి చేరతారు. మొత్తం శాతం కదలకుండా కనిపించినా లోపల మనుషులు మారిపోతుంటారు. ఎవరు పడుతున్నారో, ఎవరు లేస్తున్నారో తెలియాలంటే అదే మనుషుల్ని మళ్లీ మళ్లీ అడగాలి. స్వీడన్ 2008లో మొదలుపెట్టిన స్వెలాగ్స్ అధ్యయనం అలాంటిదే. దానికి ఖర్చూ ఎక్కువే, ఓపికా ఎక్కువే కావాలి. అంత స్తోమత లేకపోతే "ఎందుకు" జోలికి వెళ్లమని ముందే రాసుకోండి. నివేదిక విడుదల రోజున అందరూ అడిగేది మాత్రం సరిగ్గా ఆ ప్రశ్ననే.

2. జూదం అన్న మాట వాడకండి, ఆటల పేర్లు చదవండి

పెద్దావిడ నేర్పిన పాఠం ఇది. "మీరు జూదం ఆడతారా?" అని అడగొద్దు. లాటరీ, గీకి చూసే టికెట్లు, గుర్రప్పందేలు, క్రికెట్ ఫుట్‌బాల్ లాంటి ఆటల మీద బెట్టింగ్, డబ్బు పెట్టి పేకాట, స్లాట్ మెషీన్లు, క్యాసినో, స్నేహితుల మధ్య పందేలు అంటూ ఒక్కొక్కటి చదివి ఒక్కొక్కదానికీ అవునో కాదో రాబట్టండి. ప్రతి ఆటకూ జనం నోట్లో ఏ పేరుందో ఆ పేరే పెట్టండి. చట్టం పెట్టిన పేరును పక్కన బ్రాకెట్లో కూడా పెట్టొద్దు, చదివేవాళ్లు తికమకపడతారు. ఫోన్‌లో ఆడారా, బయటికి వెళ్లి ఆడారా అన్నది వేరే ప్రశ్నగా పెట్టండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ ఐసీడీ-11 కూడా జూద రుగ్మతను ప్రధానంగా ఆన్‌లైన్‌లో సాగేది, ప్రధానంగా ఆఫ్‌లైన్‌లో సాగేది అని విడదీసింది.

గీత ఎక్కడ గీయాలన్న పేచీ తప్పకుండా వస్తుంది. వీడియో గేముల్లో డబ్బు పోసి కొనే, తెరిచేదాకా లోపల ఏముందో తెలియని లూట్ బాక్సులు జూదమా? రోజువారీ షేర్ల ట్రేడింగ్ జూదమా? నన్నడిగితే రెండింటినీ అడగాలి, కానీ వేరే విభాగంలో ఉంచాలి, మొత్తం శాతంలో కలపకూడదు. మీరు వేరేలా తేల్చుకున్నా తప్పు లేదు. తేల్చుకున్నది రాసిపెట్టండి, రెండో విడతలో మార్చకండి.

కాలపరిమితి కూడా ఇక్కడే నిర్ణయించుకోవాలి. ఆడారా లేదా, సమస్యలున్నాయా అన్నవాటికి గత 12 నెలలు. ఎన్నిసార్లు, ఎంత డబ్బు అన్నవాటికి గత 4 వారాలు. ఏడాది మొత్తంలో ఎంత పోయిందని అడిగితే ఎవరికీ గుర్తుండదు, నోటికొచ్చిన అంకె చెబుతారు.

3. డబ్బు గురించి అడిగేటప్పుడు

ఒకడు 100 పట్టుకుని ఆడటానికి వెళ్లాడు. మధ్యలో 60 గెలిచాడు, అదీ పెట్టి ఆడాడు. చివరికి 20తో బయటపడ్డాడు. ఎంత ఖర్చు పెట్టినట్టు?

జేబులోంచి పోయింది చూస్తే 80. ఆడటానికి తీసుకెళ్లింది చూస్తే 100. గెలిచిన 60తో కలిపి పోగొట్టుకున్నది చూస్తే 140. ముగ్గురిని అడిగితే మూడు జవాబులొస్తాయి, మూడూ నిజాలే. 1990లలోనే ఆస్ట్రేలియా పరిశోధకులు ఇలాంటి చిన్న కథ ఇచ్చి అడిగితే, ఒకే కథకు మనుషులు రకరకాల అంకెలు చెప్పారు. "ఎంత ఖర్చు పెట్టారు?" అన్న ప్రశ్నతో వచ్చిన డేటాలో ఎవరు ఏ లెక్క చెప్పారో తర్వాత ఎవరూ విడదీయలేరు.

అందుకని నేనిలా అడుగుతాను: "గత 4 వారాల్లో ఈ ఆట ఆడటం మొదలుపెట్టేటప్పుడు మీ దగ్గరున్న డబ్బుకూ, ఆపేసినప్పుడు మిగిలినదానికీ మధ్య తేడా మొత్తం మీద ఎంత? లాభమా, నష్టమా?" నత్తనడక ప్రశ్నే, ఒప్పుకుంటాను. ఆటకొకసారి అడగాలి కాబట్టి జవాబిచ్చేవాళ్లకు విసుగు కూడా. అయినా ఆదా చేయాల్సిన చోటు ఇది కాదు.

వచ్చిన మొత్తాన్ని ఊరికే నమ్మకండి. లైసెన్సు ఉన్న సంస్థల స్థూల ఆదాయం, అంటే జనం పెట్టిన పందేల్లోంచి గెలిచినవాళ్లకు తిరిగిచ్చింది తీసేస్తే మిగిలేది, చాలా దేశాల్లో నియంత్రణ సంస్థలే ప్రచురిస్తాయి. నిర్వచనం ప్రకారం అదే జనం పోగొట్టుకున్న సొమ్ము. మీ సర్వే చెప్పే నష్టం దానికి సరిగ్గా సరిపోదు. ఆటలవారీగా పక్కపక్కన పెట్టి చూడండి. లాటరీలో దగ్గరగా వచ్చి స్లాట్ మెషీన్లలో మూడో వంతు కూడా రాలేదనుకోండి, జనం ఏ ఆట నష్టాన్ని దాస్తున్నారో, లేక బాగా ఆడేవాళ్లు మీ శాంపిల్‌లో ఎక్కడ తప్పిపోయారో చూచాయగా తెలుస్తుంది. చట్టానికి దొరక్కుండా సాగే ఆట మాత్రం ఆ అధికారిక లెక్కలో ఉండదు, పర్యాటకులు పోగొట్టుకున్నది ఉంటుంది. రెండూ గుర్తుంచుకోండి.

4. సమస్యను కొలిచే కొలబద్ద

సొంతంగా తయారుచేయాలన్న కోరికను చంపుకోండి. ఉన్నవి చాలు.

1987లో వచ్చిన సౌత్ ఓక్స్ స్క్రీన్ అనే ప్రశ్నల జాబితా 20 అంశాలది. ఆసుపత్రిలో చికిత్స కోసం వచ్చినవాళ్ల మీద పుట్టింది. మామూలు జనాభా మీద వాడితే, సమస్య లేనివాళ్లనూ ఉన్నవాళ్ల జాబితాలోకి లాగుతుందన్న విమర్శ దాని మీద బాగా ఉంది. అమెరికా మానసిక వైద్యుల రోగనిర్ధారణ గ్రంథం డీఎస్‌ఎం-5 2013లో జూద రుగ్మతను వ్యసనాల పక్కన చేర్చింది. 12 నెలల్లో 9 లక్షణాలలో 4 ఉంటే రుగ్మతే. డాక్టర్ ఎదురుగా కూర్చుని నిర్ధారించడానికి అది బాగుంటుంది. జనాభా సర్వేలకు ఇప్పుడు ఎక్కువగా వాడేది 2001లో కెనడాలో తయారైన, సమస్యాత్మక జూద తీవ్రతను కొలిచే సూచీ పీజీఎస్‌ఐ. 9 ప్రశ్నలు, ఒక్కోదానికి "ఎప్పుడూ లేదు" నుంచి "దాదాపు ఎప్పుడూ" దాకా 0 నుంచి 3 మార్కులు, మొత్తం 27. సున్నా వస్తే ఇబ్బంది లేదు, 1-2 తక్కువ ముప్పు, 3-7 మధ్యస్థం, 8 ఆపైన సమస్యాత్మక జూదం. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నా సలహా ఇదే, వేరే దేశాలతో పోల్చుకోవడానికైనా పనికొస్తుంది.

అనువాదం దగ్గర తొందరపడకండి. ఆ 9 ప్రశ్నల్లో ఒకటి నష్టాల వెంట పరుగెత్తడం గురించి. పోయిన డబ్బు తిరిగి గెలుచుకుందామని మరో రోజు వెళ్లి ఆడారా అని దాని సారాంశం. తెలుగులో దీనికి తయారుగా ఒక మాటుంది: పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలి. ప్రశ్నలో దాన్ని పెట్టాలని చేయి లాగుతుంది. పెట్టకండి. అది సామెతలా వినిపిస్తుంది, సామెతను కాదనడానికి ఎవరికీ నోరు రాదు, అందరూ తలూపుతారు. ఇక "మరో రోజు" అన్న రెండు మాటలు అనువాదంలో జారిపోయాయంటే ఇంకా ప్రమాదం. ఒకసారి కూర్చున్నప్పుడే ఓడి, ఇంకో రెండు ఆటలు ఆడి లేచినవాళ్లంతా మార్కులు తెచ్చుకుంటారు. ఫోన్‌లో ఆడేవాళ్లకు "వెళ్లి" అన్న మాటే అర్థం కాదు. "మరో రోజు మళ్లీ ఆడారా?" అంటే ఇద్దరికీ సరిపోతుంది.

కాబట్టి ఒకరు తెలుగులోకి తేవాలి, మూలం చూడని ఇంకొకరు దాన్ని వెనక్కి అనువదించాలి, తేడాలు చూసుకోవాలి. ఆ తర్వాత ఇరవై ముప్పై మందిని కూర్చోబెట్టి, ప్రశ్న చదివి, "ఈ ప్రశ్న మీకు ఏమని అర్థమైంది? మీ మాటల్లో చెప్పండి" అని అడగాలి. సర్వే మొత్తంలో నాకు బాగా ఇష్టమైన పని ఇదే. పెద్దావిడ దొరికింది ఇక్కడే.

కొలబద్దకు ఇంకో బలహీనత ఉంది, లెక్క వేసి చూస్తే తప్ప కనపడదు. దేశంలో 10,000 మందిని అడిగారు, నిజంగా సమస్య ఉన్నవాళ్లు 100 మంది, అంటే 1 శాతం అనుకోండి. మీ కొలబద్ద వాళ్లలో 90 మందిని పట్టుకుంటుంది. సమస్య లేని 9,900 మందిలో 99 శాతం మందిని సరిగ్గా వదిలేస్తుంది. వినడానికి బ్రహ్మాండం. కానీ మిగిలిన 1 శాతం అంటే 99 మంది. మొత్తం 189 మంది సమస్య ఉన్నవాళ్లుగా తేలతారు, నివేదికలో 1.9 శాతం అని పడుతుంది. నిజమైన 1 శాతానికి దాదాపు రెట్టింపు, ఆ జాబితాలో సగానికి పైగా వేరేవాళ్లు. అరుదైన విషయాన్ని కొలిచే ప్రతి చోటా ఈ చిక్కుంటుంది.

కొలబద్దలోని ప్రశ్నల్ని ఏడాదిలో ఒక్కసారైనా ఆడిన అందరినీ అడగండి. "నెలకు ఇంత దాటి ఆడేవాళ్లనే అడుగుదాం, సమయం కలిసొస్తుంది" అనేవాళ్లుంటారు. అలా వడపోస్తే తక్కువ ఆడి ఎక్కువ చితికినవాళ్లు జారిపోతారు.

5. ఎంతమందిని, ఎవరిని

2,000 మంది శాంపిల్‌లో 1 శాతం అంటే 20 మనుషులు. 95 శాతం నమ్మకంతో చెప్పగలిగేది 0.6కీ 1.4కీ మధ్య ఎక్కడో ఉందని. అందులో ఆడా మగా, వయసు, ప్రాంతం అని కోయడం మొదలుపెడితే ఒక్కో గడిలో ఇద్దరో ముగ్గురో మిగులుతారు. 10,000 మందిని అడిగితే 0.8 నుంచి 1.2 దాకా వస్తుంది. ఊళ్లవారీగా గుంపులుగా ఎంచుకుంటారు కాబట్టి వాస్తవంలో ఇంకాస్త వెడల్పే. అంత డబ్బు లేకపోతే దేశం మొత్తానికి ఒక్క అంకె ఇచ్చి ఊరుకోండి, జిల్లాల పటాలు గీయకండి.

ఇళ్ల జాబితాలోంచి యాదృచ్ఛికంగా ఎంచుకోవడం, ఇంట్లో పెద్దవాళ్లలో ఒకరిని మళ్లీ యాదృచ్ఛికంగా ఎంచుకోవడం. ఇది అందరికీ తెలిసిందే. తలుపు తీసినవాళ్లతో మాట్లాడేసి వచ్చే అలవాటును మాత్రం మొదటి రోజే మాన్పించండి. పగలు తలుపు తీసేవాళ్లూ, రాత్రి బెట్టింగ్ యాప్ తెరిచేవాళ్లూ ఒకరే కానక్కర్లేదు. డబ్బిచ్చి జవాబులు తీసుకునే ఆన్‌లైన్ ప్యానెళ్లు చవక, వేగం కూడా. వాటిలో సమస్యాత్మక జూదం శాతం ఎక్కువగా వస్తుందని చాలాసార్లు తేలింది. ప్రశ్నల్ని పరీక్షించుకోవడానికి వాడుకోండి, దేశానికి శాతం చెప్పడానికి వద్దు.

ఇళ్ల జాబితాలో లేనివాళ్లూ ఉన్నారు: జైళ్లలో, హాస్టళ్లలో, రోడ్డు మీద. జైళ్లలో ఈ సమస్య బయటికన్నా చాలా ఎక్కువ. వీలైతే విడిగా చిన్న అధ్యయనం చేయండి. వీలుకాకపోతే వదిలేశామని మొదటి పేజీలోనే రాయండి.

6. ఎలా అడిగారన్నది అంకెను మార్చేస్తుంది

బ్రిటన్‌లో జరిగినది చూడండి. ఇంగ్లండ్ ఆరోగ్య సర్వేలో మనిషి ఇంటికి వెళ్లి ఆరోగ్యం గురించి మాట్లాడి, జూదం ప్రశ్నల కాగితం చేతికిచ్చి నింపమనేవాడు. అందులో పైన చెప్పిన కొలబద్ద మీద 8 ఆపైన మార్కులు వచ్చినవాళ్లు అర శాతానికి అటూఇటుగా ఉండేవారు. తర్వాత అక్కడ జూదాన్ని నియంత్రించే గ్యాంబ్లింగ్ కమిషన్ కొత్త సర్వే పెట్టింది. ఇంటికి ఉత్తరం వస్తుంది, ఆన్‌లైన్‌లోనో కాగితం మీదో జవాబివ్వాలి, విషయం జూదమే. 2024లో వచ్చిన మొదటి ఏడాది ఫలితం 2.5 శాతం. దేశం రాత్రికి రాత్రి మారిపోలేదు. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ప్రొఫెసర్ పాట్రిక్ స్టర్జిస్ ఆ పద్ధతిని సమీక్షించి మెచ్చుకున్నారు, కొత్త అంకె వాస్తవం కన్నా ఎక్కువ కావచ్చని హెచ్చరిక కూడా చేశారు. ఎదురుగా మనిషి ఉంటే సిగ్గుతో దాచేవాళ్లుంటారు. ఉత్తరం మీద జూదం అని కనపడితే ఆడేవాళ్లే ఎక్కువ ఆసక్తితో జవాబిస్తారు. ఒకటి కిందికి లాగుతుంది, ఒకటి పైకి లాగుతుంది.

ఆహ్వానంలో సర్వేకు ఏం పేరు పెట్టారన్నది ఎంత పనిచేస్తుందో 2009లోనే జూదం పరిశోధకులు రాబర్ట్ విలియమ్స్, రేచెల్ వోల్‌బర్గ్ పరీక్షించి చూశారు. "జూదం సర్వే" అని పిలిచినప్పుడు సమస్య శాతం, "ఆరోగ్యం, వినోదం సర్వే" అని పిలిచినప్పటికన్నా రెట్టింపుకు పైగా వచ్చింది.

మీరు చేయాల్సింది: ఉత్తరం మీద ఆరోగ్యం, ఖాళీ సమయం అని రాయండి, లోపల జూదం ప్రశ్నలున్నాయని సమ్మతి పత్రంలో దాచకుండా చెప్పండి. ఇంటికి వెళితే ట్యాబ్ జవాబిచ్చేవాళ్ల చేతికే ఇచ్చి, ఇంటర్వ్యూ చేసేవాళ్లు తెర కనపడనంత దూరంలో కూర్చోవాలి. భార్య పక్కనుండగా "ఎవరికీ తెలియకుండా అప్పు చేశారా?" అని గట్టిగా చదివితే వచ్చే జవాబు ఏమిటో మీకూ తెలుసు, నాకూ తెలుసు. పద్ధతి మార్చక తప్పకపోతే ఒక ఏడాది పాత పద్ధతినీ కొత్త పద్ధతినీ పక్కపక్కనే నడపండి. గ్రాఫులో పాత గీతనూ కొత్త గీతనూ కలపొద్దు.

7. ఎదుటి మనిషి క్షేమం

ఈ ప్రశ్నలకు జవాబిస్తూ ఏడ్చేవాళ్లుంటారు. తీవ్ర జూద సమస్య ఉన్నవాళ్లలో ఆత్మహత్య ఆలోచనలు మామూలు జనం కన్నా ఎక్కువ. ఫీల్డుకు వెళ్లే ముందే ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకోండి. హెల్ప్‌లైన్ నంబరున్న కార్డు అందరికీ ఇవ్వండి. మార్కులు ఎక్కువొచ్చిన వాళ్లకే ఇస్తే, కార్డు చూసిన ఇంట్లోవాళ్లకు విషయం తెలిసిపోతుంది. ఇంటర్వ్యూ చేసేవాళ్లు సలహాలివ్వకూడదు. ఎవరైనా చనిపోతానంటే అప్పటికప్పుడు ఎవరికి ఫోన్ చేయాలో వాళ్ల దగ్గర కాగితం మీద రాసి ఉండాలి. పేర్లు, చిరునామాలు జవాబులతో ఒకే ఫైల్‌లో ఉండకూడదు.

8. ఆడనివాళ్లనూ అడగండి

ఇల్లు గుల్లయ్యేది ఆడినవాడి ఒక్కడిదే కాదు. తీవ్రంగా ఆడే ఒక్కరి వల్ల సగటున మరో ఆరుగురు దెబ్బతింటారని 2017లో ఒక ఆస్ట్రేలియా అధ్యయనం అంచనా వేసింది. "మీకు బాగా దగ్గరివాళ్లెవరైనా ఇందాక చదివిన ఆటల్లో ఏదైనా ఆడటం వల్ల గత ఏడాది మీకు డబ్బు, నిద్ర, ఆరోగ్యం, సంబంధాల్లో ఇబ్బంది వచ్చిందా?" అని అందరినీ అడగండి. ఒకే జూదరి గురించి అతని తల్లీ, భార్యా, తమ్ముడూ ముగ్గురూ చెప్పవచ్చు కాబట్టి దీన్నుంచి జూదరుల సంఖ్య లెక్కకట్టకండి. దెబ్బతిన్నవాళ్ల సంఖ్యగానే ప్రకటించండి.

9. సర్వే బయట దొరికేవి

చికిత్స కోసం వచ్చినవాళ్ల లెక్కలు చూడండి, కానీ సమస్య ఉన్నవాళ్లలో సాయం అడిగేది కొద్దిమందే. ఆన్‌లైన్ సంస్థల ఖాతాల వివరాలు దొరికితే బంగారం. ఎంత పోయిందో జ్ఞాపకం మీద ఆధారపడక్కర్లేదు. కాకపోతే ఒకరికి ఐదు యాప్‌లలో ఖాతాలుంటాయి, అన్న ఖాతాలో తమ్ముడు ఆడతాడు.

చట్టం మారే తేదీ ముందే తెలిస్తే అస్సలు వదలకండి. నార్వే 2007 జులై 1 నుంచి స్లాట్ మెషీన్లను తొలగించింది. ముందూ వెనకా కొలతలుండబట్టే, ఆడటం తగ్గిందనీ హెల్ప్‌లైన్‌కు కాల్స్ తగ్గాయనీ చెప్పగలిగారు. చట్టం వచ్చాక మొదలుపెట్టిన సర్వే దాని గురించి ఏమీ చెప్పలేదు.

10. రాసేటప్పుడు

ప్రతి శాతం పక్కన అది ఎంత నుంచి ఎంత దాకా ఉండవచ్చో ఆ హద్దులు రాయండి. గతంలో 0.6, ఇప్పుడు 0.8 వస్తే, హద్దులు ఒకదానిమీదొకటి పడుతుంటే "మార్పు తేలలేదు" అనండి. పత్రికల వాళ్లు "33 శాతం పెరుగుదల" అని పెట్టుకుంటారు, ప్రకటనలోనే ఆ దారి మూసేయండి. 8 ఆపైన మార్కులు వచ్చినవాళ్ల గురించే రాయకండి. 1 నుంచి 7 మధ్య ఉన్నవాళ్లు వాళ్లకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ, దేశం మొత్తంలో జరిగే నష్టంలో వాళ్ల వాటా చిన్నదేం కాదు.

డబ్బెవరిచ్చారో మొదటి పేజీలో చెప్పండి. జూదం కంపెనీల స్వచ్ఛంద విరాళాలతో పరిశోధన సాగితే ఫలితం ఎంత శుభ్రంగా ఉన్నా వేలెత్తి చూపుతారు. బ్రిటన్ 2025 ఏప్రిల్ నుంచి ఆ విరాళాల స్థానంలో చట్టబద్ధమైన సుంకం తెచ్చింది, అందులో 20 శాతం పరిశోధనకు కేటాయించింది. అలాంటి ఏర్పాటు లేని చోట, ఫలితాలు రాకముందే విశ్లేషణ ప్రణాళికను బహిరంగంగా ఉంచడమొకటే మీకున్న రక్ష. డబ్బిచ్చినవాళ్లకు ముసాయిదా మార్చే హక్కు లేదని ఒప్పందంలో రాయించుకోండి. నోటిమాట మీద నమ్మి నేనొకసారి రెండు పట్టికలు పోగొట్టుకున్నాను.

చివరగా ఒక ఫైల్ తయారుచేయండి. ప్రశ్నావళి అక్షరం పొల్లుపోకుండా, ఉత్తరం నమూనా, ఎవరెవరిని వదిలేశారు, ఎంతమందిని అడిగితే ఎంతమంది జవాబిచ్చారు, శాంపిల్ జనాభాకు సరిపోయేలా జవాబులకు బరువులు (వెయిటింగ్) ఎలా ఇచ్చారు, ముందస్తు పరీక్ష (పైలట్) తర్వాత ఏ ప్రశ్నలో ఏ మాట ఎందుకు మార్చారు. "జూదం" తీసేసి ఆటల పేర్లు ఎందుకు పెట్టారో కూడా. ఐదేళ్ల తర్వాత రెండో విడత చేసేవాళ్లలో మీ బృందం వాళ్లెవరూ ఉండకపోవచ్చు, వాళ్లకు అందేది ఆ ఫైలే.